గోదారి అమ్మ

పొద్దున్న అయిదుంబావు. గొలుసు చప్పుడు కాకుండా మేకు మీంచి తీద్దామని రోజూ చూస్తాను. ఒక్క రోజూ కుదరదు. నా వేలు ఇంకా కొక్కేనికి తగలకముందే లోపలి గదిలో గచ్చు మీద గోళ్ళు టకటకమంటాయి. గోదారి వచ్చేస్తుంది. నా మడమ ఓసారి వాసన చూసి, వెనక్కి పరుగెత్తి, అమ్మ కప్పుకున్న దుప్పటి కొస నోట కరుచుకుని ఒక్క లాగు లాగుతుంది.

“లేస్తున్నానే తల్లీ. నీ కాళ్ళూ నా కాళ్ళూ ఒకటేనా?” అంటూనే లేచి కూచుంటుంది అమ్మ.

మీరూ మాతో రండి. బండి మీద ముందు గోదారి నిలబడుతుంది, నా మోకాళ్ళ మధ్య, హ్యాండిల్ కిందనుంచి మొహం బయటపెట్టి. వెనక అమ్మ, ఒళ్ళో పెరుగన్నం డబ్బా. పుదుచ్చేరి రెయిన్‌బో నగర్ నుంచి సముద్రం దాకా వీధులు ఇంకా ఖాళీయే. గుమ్మాల ముందు కళ్ళాపి చల్లుతున్నారు, పాల ప్యాకెట్ల ట్రేలు దించుతున్నారు. పెద్ద కాలవ దాటామా, గాలి మారుతుంది. ఉప్పు, తడి రాయి, ఎక్కడో ఆరేసిన చేపల వల. ఆ సంగతి మన ముక్కుకి ఇప్పుడు తెలిసింది. గోదారి ముక్కు రెండు వీధుల వెనకే పైకి లేచింది.

బీచ్ రోడ్డుకి అడ్డంగా ఇనప బారికేడ్లు. సాయంత్రం 6 గంటల నుంచి పొద్దున్న 7:30 దాకా ఇటు బండ్లు రానివ్వరు. ఒకటిన్నర కిలోమీటర్ల పొడుగునా ఆ రోడ్డు కాలినడకన వచ్చేవాళ్ళది. రెండు కాళ్ళ వాళ్ళదీ, నాలుగు కాళ్ళ వాళ్ళదీ.

సెక్రటేరియట్ ఎదురుగా ఆగుదాం. ఈ ఇసక చూశారా? నేను 2014లో ఉద్యోగానికి ఈ ఊరొచ్చినప్పుడు ఇది లేదు. నల్ల బండరాళ్ళే, వాటి మీద అలలు బాదుకోవడమే. 1980ల చివర్లో దక్షిణాన హార్బర్ గోడలు కట్టాక ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసక ఆగిపోయింది, ఉన్న తీరం కోసుకుపోయింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు ఇక్కడ నీళ్ళ కింద ఒక ఉక్కు కట్టడం దించాక, కొద్దికొద్దిగా ఇసక మళ్ళీ చేరింది. ఊళ్ళో కుక్కలున్న వాళ్ళందరూ ఆ ఇంజనీర్లకి రుణపడి ఉన్నాం.

ఎందుకంటే, చూడండి. గొలుసు విప్పీ విప్పకముందే గోదారి ఒక చోటు ఎంచుకుంది. ముందు కాళ్ళు ఒకదాని తరవాత ఒకటి, వెనక కాళ్ళ సందులోంచి ఇసక ఫౌంటెన్‌లా ఎగురుతోంది. మధ్యలో ఆగి, గుంటలో మూతి పెట్టి, ఒక్క తుమ్ము తుమ్మి, మళ్ళీ మొదలు. పైనున్న పొడి ఇసక అయిపోయి అడుగున తడి తగిలేదాకా తవ్వుతుంది. తడి తగలగానే గుంటలో పొట్ట ఆనించి చతికిలబడుతుంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కాస్త పడుతుంది, మిగతాదంతా నాలుక చాపి రొప్పడమే. ఈ ఊరి ఉక్కలో దానికి అంతకంటే సుఖమైన పరుపు లేదు. మొదట్లో “ఏం వెతుకుతోందే ఇది, నిధా?” అనేది అమ్మ. ఇప్పుడు తనే కాలి బొటనవేలితో గీసి, “ఇదిగో, ఇక్కడ మెత్తగా ఉంది” అని చోటు చూపిస్తుంది.

గోదారికి ఆ పేరు రంగుని బట్టి వచ్చింది. వరద గోదారి రంగు, ఎర్రమట్టి కలిపిన టీలా. ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరంలో, ఇదే పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉన్న మా యానాంలో పుట్టింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, ఆ నీళ్ళన్నీ మా మీదికి వచ్చినప్పుడు, పక్కింటి పశువుల పాక కప్పు మీద మూడు రోజులు కూర్చుని ఉందిట, గుప్పెడు పిల్ల. తల్లి ఏమైందో తెలీదు. అమ్మ కొంగులో వేసుకుని దించింది. ఆ ఏడే నాన్న పోయారు. అమ్మని నా దగ్గరికి తెచ్చుకుంటానంటే, “ఇది వస్తేనే నేనొస్తా” అంది.

అరవైఏడేళ్ళు యానాం దాటి ఉండని మనిషి. తమిళం ముక్క రాదు. మొదటి ఆరు నెలలూ పొద్దస్తమానం ఆ కుక్కతోనే కబుర్లు. ఈ ఊళ్ళో నేను ఆఫీసుకి వెళ్ళాక తెలుగు విన్నది అదొక్కటే. ‘కూచో’ అంటే కూచుంటుంది, ‘జరుగు’ అంటే జరుగుతుంది, ‘అన్నం’ అంటే గిన్నె దగ్గరికి పోతుంది. ఎదురింటి పిల్లలు ‘ఉక్కారు’ అని తమిళంలో కూచోమంటే మాత్రం తల ఒక పక్కకి వంచి అమ్మ మొహం చూస్తుంది, ఏమంటున్నారో చెప్పమన్నట్టు.

అమ్మ పేరు ఈ రోడ్డు మీద ఎవరికీ తెలీదు. అందరికీ ఆవిడ గోదారి అమ్మ. ఇక్కడి లెక్కే అది. మేం కూడా ఎవరి పేర్లూ అడగం. లడ్డూ అక్క, బిజూ తాత, వీరన్ మామ, అంతే. కుక్క పేరు తెలిస్తే మనిషి పేరు అక్కర్లేదు. తమిళంలో మాట మొదట ‘గ’ సరిగా పలకదు కాబట్టి గోదారి కాస్తా ‘కోదారి’ అయింది. రోజూ వచ్చే ఒక పెద్దావిడ అయితే దాన్ని ‘కోదై’ అని విన్నారు. కోదై అంటే ఆండాళ్ తల్లి, మన గోదాదేవి. ఆ పేరు పెట్టి కుక్కని ‘ఛీ, పో’ అనలేనని, ఆవిడొక్కరూ దాన్ని ‘పాప’ అంటారు. పాప అన్నా తోక ఊపుతుంది. ఆవిడ చేతిలో ఎప్పుడూ మేరీ బిస్కెట్ ఉంటుంది మరి.

ఆకాశం తెల్లబడుతోంది. దక్షిణానికి నడుద్దాం, సముద్రం ఎడమ చేతి వైపు. అదిగో వీరన్. తెల్లగా, పొడుగు కాళ్ళతో, గులాబీ రంగు ముక్కుతో వస్తున్నాడే, వాడే. రాజపాళయం జాతి. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్ళలు వేసింది, అందులో ఒకటి ఇది. తాడు పట్టుకున్న పెద్దమనిషిది కూడా రాజపాళయమే. మొదటిసారి కలిసినప్పుడు ఆయన అమ్మ మాటలు విని ఆగిపోయారు. “మీరు తెలుగువారా అమ్మా?” అన్నారు, తెలుగులోనే. ఆ యాసలో తమిళపు లయ ఉంది గానీ, మాట మన మాటే. రాజపాళయం రాజులు కొన్ని వందల ఏళ్ళ కిందట ఇటు వచ్చినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే.

అమ్మ కళ్ళు మెరిశాయి. “అయితే మీరు రాజుగారన్నమాట! ఆయ్, మా గోదావరి జిల్లాల్లో అడుగడుక్కీ మీవాళ్ళేనండి” అంది. ఆవేళ ఇద్దరూ గంటసేపు నిలబడే మాట్లాడుకున్నారు. కుక్కలు రెండూ విసుగొచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర పడుకున్నాయి.

వీరన్ సంగతి రాజుగారి నోటనే వినాలి. “పిల్లగా ఉన్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదమ్మా. అందరూ పొగరన్నారు, మొండి అన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు కోప్పడ్డాను. మూడో నెలలో ఓ రోజు వంటింట్లో ఇత్తడి గంగాళం జారి పడింది. ఇల్లంతా అదిరింది. వీడు దాని పక్కనే పడుకుని ఉన్నాడు. చెవి కూడా కదపలేదు.” అక్కడ ఆయన ఆగుతారు, ప్రతిసారీ.

పుట్టు చెవుడు. ఒంట్లో రంగు లేకపోవడానికీ లోచెవి పనిచేయకపోవడానికీ లంకె ఉందని, ఈ తెల్ల జాతిలో అది అప్పుడప్పుడు కనిపిస్తుందని డాక్టర్లు చెప్పారు. ఆయన ఆ రోజునుంచీ నోటితో పిలవడం మానేశారు. ఇప్పుడు చూడండి. వీరన్ అటు తిరిగి సముద్రం చూస్తున్నాడు. రాజుగారు కుడి పాదం నేల మీద రెండుసార్లు గట్టిగా తాటించారు. రోడ్డు మీదినుంచి ఆ అదురు అరికాళ్ళకి తగిలి, వాడు గిరుక్కున తిరిగాడు. ఆయన అరచెయ్యి చాపారు, కూచున్నాడు. రెండు వేళ్ళు తన గుండె మీద ఆనించారు, వచ్చి మోకాలికి తల ఆనించాడు. ఆ మూడో సైగకి అర్థం ఏమిటని అడిగితే, “దానికి మాట లేదమ్మా” అన్నారు. తాడు మాత్రం ఎప్పుడూ విప్పరు. వెనకనుంచి వచ్చే బండి వాడికి వినపడదు.

కుక్కల వింత చేష్టల గురించి ఇక్కడ రోజూ నవ్వుకుంటాం. కానీ వీరన్‌ని చూశాక నాకు ఒకటి గట్టిగా తెలిసింది. ఏ చేష్టా ఊరికే రాదు. దాని వెనక ఏముందో కనిపెట్టకుండా మొండి అనీ తిక్క అనీ పేరు పెట్టేస్తే ఆ కుక్కకి అన్యాయం చేసినట్టే.

లడ్డూ కథా అలాంటిదే. గాంధీ విగ్రహం దగ్గర, సెంజి నుంచి తెచ్చిన ఆ రాతి స్తంభాల మధ్య బొద్దుగా దొర్లుతున్న నల్ల లాబ్రడార్. వీడు తిన్నవాటి జాబితా వాళ్ళ అక్క వేళ్ళ మీద చెబుతుంది: అర సబ్బు, కొబ్బరి చిప్ప, ఒక సాక్సు, వినాయక చవితి కుడుములు ఇరవైఒకటీ దేవుడికన్నా ముందు. అన్నం పెట్టి అయిదు నిమిషాలు కాకుండానే మూడు రోజుల పస్తున్నట్టు చూస్తాడు. పక్కింటివాళ్ళు “పాపం, తిండి పెట్టట్లేదా?” అంటే ఆ పిల్ల ఏడ్చేసింది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చిన సంగతి తెలిశాక స్థిమితపడింది. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి, కడుపు నిండిందని మెదడుకి చెప్పడంలో పాలుపంచుకునే ఒక జన్యువులో లోపం ఉంటుందిట. లడ్డూకి ఆ లోపం ఉందో లేదో ఎవరూ పరీక్ష చేయలేదు. కానీ ఆ పిల్ల తిట్టడం మానేసి, అన్నం కొలిచి పెట్టి, మధ్యమధ్యలో కారట్ ముక్కలు ఇస్తోంది. అమ్మ పెరుగన్నం డబ్బా మూత తీస్తే మాత్రం ఆ కొలతలేవీ పనిచేయవు.

బిజూ చేష్టకి కారణం ఇంతవరకు ఎవరికీ తెలీదు. పొట్టి కాళ్ళ డాషండ్. తాత ఫ్రెంచి సైన్యంలో చేసి వచ్చినవారు, ఇక్కడ వాళ్ళని సోల్దాలంటారు. బిజూకి వచ్చిన భాష ఫ్రెంచి ఒక్కటే. ‘ఆస్సీ’ అంటే కూచుంటుంది. నడక అయ్యాక తాత పొడుగు రొట్టె కొంటారు. దాని కొస ఒకటి విరిచి బిజూ నోట పెడితే, పంటి గాటు పడకుండా ఇల్లు చేరేదాకా మోస్తుంది. అదే బన్ను ఇస్తే అక్కడికక్కడే మింగేస్తుంది. పొడుగు రొట్టె ఇంటిదనీ, బన్ను తనదనీ దానికి ఎవరు చెప్పారో! తాతని అడిగితే భుజాలు ఎగరేస్తారు. అమ్మ ఆయన దగ్గర ‘వియెఁ’ అనే ఒక్క ముక్క నేర్చుకుంది, ‘రా’ అని. బిజూని అలా పిలిచినప్పుడు గోదారి కూడా పరుగెత్తుకొస్తుంది. మా ఇంట్లో ఫ్రెంచి వచ్చినది ముందు దానికే.

తూర్పున మబ్బు పట్టింది. సూర్యుడు వచ్చాడో లేదో తెలీడం లేదు. గోదారి చెవులు వెనక్కి వాల్చి బెంచీ ఎక్కేసింది. చినుకు పడకముందే అంతే. మెట్టు, బల్ల, బీరువా, ఏది ఎత్తుగా ఉంటే అది. మొదటి ఏడాది ఇది మాకు పెద్ద తలనొప్పి. పెసర పప్పు డబ్బాలు దొర్లించి వంటగట్టు ఎక్కేది. ఒకసారి గ్యాసు పొయ్యి కింద పడబోయింది. నేను అరిచాను కూడా.

“ఆ రాత్రి చెప్పండి అక్కగారూ” అంటారు రాజుగారు, మబ్బు చూసి. ఎన్నిసార్లు విన్నారో ఆయన.

అమ్మ కొంగు సర్దుకుంటుంది. “2024 నవంబరు 30, శనివారం అండి. ఫెంగల్ తుపాను. పొద్దుటినుంచీ ధార. ఇది సాయంత్రమే వంటగట్టు ఎక్కింది, దిగదు. బతిమాలాను, తిట్టాను, చేప తల చూపించాను. దిగదు. సరేలెమ్మని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక మొదలెట్టిందండీ మొరగడం! దొంగని చూసి మొరిగేది వేరు, ఇది వేరు. పిల్లని కోల్పోయిన తల్లి ఏడుపులా ఉంది. అమ్మాయి లేచి కాలు కింద పెట్టింది. చీలమండ దాకా నీళ్ళు.”

కాలు పెట్టింది నేనే. చీకట్లో ఆ చల్లదనం ఇప్పటికీ అరికాలికి గుర్తుంది. ఫ్రిజ్ వైరు పీకేసి, అమ్మ మందులూ కాగితాలూ సంచిలో వేసి, ముగ్గురం మేడ మీది వాటాకి ఎక్కేసరికి నీళ్ళు మంచం పట్టె అందుకున్నాయి. మర్నాడు పొద్దుటికి ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల వాన కురిసిందన్నారు. కొన్ని కాలనీల్లో మనుషుల్ని సైన్యం వచ్చి పడవల మీద దాటించింది. మెట్ల మీద చివరి మెట్టుకి ఆనుకుని గోదారి వణుకుతూ కిందికే చూస్తోంది. అప్పుడు అమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని అంది: “దీనికి తిక్క కాదే. దీనికి పాక కప్పు గుర్తుంది.”

అప్పటినుంచీ మా వంటగట్టు మీద ఒక మూల ఖాళీగానే ఉంటుంది. గోనెపట్టా వేశాం.

వైత్తికుప్పం వైపునుంచి చేపలావిడ వస్తోంది, నెత్తిన అల్యూమినియం బేసిన్. ఆవిడ వెనక ఆరు వీధికుక్కలు వరసగా. ఆవిడకి కుక్కలున్నాయా అంటే, ‘లేవు’ అంటుంది. కానీ ఆరింటి కథలూ చెబుతుంది. ఈ నల్లదానికి నెత్తళ్ళు తప్ప ఇంకేం పనికిరాదు, ఆ కుంటిది అల వస్తే కరవబోతుంది. అన్నింటికీ చెవి చివర చిన్న గాటు ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు.

ఉన్నట్టుండి కుంటిది కుయ్యిమంది. పరుగెత్తుతూ వచ్చిన ఒకతను దాన్ని కాలితో తన్నాడు. అది అతని దారిలోకి కూడా రాలేదు. బెంచీ పక్కన పడుకుని ఉంది.

అమ్మ లేచింది. “ఏం నాయనా, అదేం చేసింది నిన్ను?” అంది తెలుగులో. అతనికి అర్థం కాలేదు. కానీ ఆ గొంతుకి ఆగాడు. అమ్మ ఆపలేదు. జనమేజయుడి యాగం దగ్గరికి వెళ్ళిన కుక్కపిల్లని అతని తమ్ముళ్ళు తప్పు లేకుండా కొట్టడం, దాని తల్లి సరమ రాజు ముందుకే వెళ్ళి నిలదీయడం, అంతా చెప్పింది. నన్నయగారి భారతంలో ఆదిపర్వం కథ. రాజుగారు వాక్యం వాక్యం తమిళంలోకి తిప్పారు.

అతను క్షమించమనలేదు. చెమట తుడుచుకుని, “పోయినేడు మా బాబుని మా వీధి కుక్క కరిచింది. నాలుగేళ్ళవాడు. నాలుగు సూదులు” అన్నాడు. రాజుగారు తెలుగులో చెప్పారు.

అమ్మ గొంతు మారిపోయింది. “అయ్యో! బాబుకి ఇప్పుడెలా ఉంది? వెంటనే సబ్బుతో కడిగారా?” కడిగామన్నాడు, పావుగంట కుళాయి కింద పెట్టామన్నాడు. మంచి పని చేశారంది. అతను చేపలావిడని ఆ గాట్లేమిటని అడిగాడు. ఆవిడ చెప్పింది, ఆపరేషన్‌తో పాటే పిచ్చికుక్క టీకా కూడా వేశారని. అతను కాసేపు ఆ కుంటిదాన్ని చూసి, నడిచే వెళ్ళిపోయాడు, పరుగెత్తలేదు.

2025 ఆగస్టు అంతా ఈ బెంచీ మీద ఇదే చర్చ. 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకి తరలించమంది. 22న సవరించి, ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టుకున్న చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ కరిచే స్వభావం ఉన్నవీ తప్ప. కుక్కల్ని ప్రేమించేవాళ్ళం కాబట్టి మేం ఒక పక్షం అనుకుంటారు. కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, అది తెలిసినవాళ్ళం. ఆ తండ్రి భయం నిజం. ఆ తన్ను తప్పు. రెండూ నిజమే. ఆ రెండింటికీ మందు టీకాలోనూ ఆపరేషన్‌లోనూ ఉంది. గోదారికి రెండూ అయ్యాయి. తన గుడ్డ కాలర్ మీద టీకా తేదీ అమ్మ దారంతో కుట్టింది, తెలుగు అంకెల్లో.

7:20. పోలీసాయన బారికేడ్ల దగ్గరికి నడుస్తున్నాడు. తాత రొట్టె కొస విరిచారు, బిజూ అందుకుంది. రాజుగారు పాదం తాటించారు. లడ్డూ అమ్మ డబ్బా అడుగు నాకడం ముగించాడు. గోదారి బెంచీ దిగింది. వాన రాలేదు.

మీరు ఎప్పుడైనా పుదుచ్చేరి వస్తే సెక్రటేరియట్ ఎదుటి ఇసక దగ్గరికి ఆరులోపు రండి. మీ కుక్కని తెచ్చుకోండి, టీకా వేయించి, తాడు కట్టి. అదేం వింత చేష్టలు చేస్తుందో చెప్పడానికి సిద్ధంగా రండి, అమ్మ మొదట అడిగేది అదే. 7:30 దాటితే మేం ఉండం.